గొంతు అద్దెకు ఇవ్వండి, అమ్మకండి

ప్రశ్న:

నేను హైదరాబాద్‌లో డబ్బింగ్ ఆర్టిస్టును. పెద్ద హీరోయిన్లకు చెప్పే స్థాయి కాదు. హిందీ, కొరియా సీరియళ్లకు, ఓటీటీలో వచ్చే పరభాషా సినిమాలకు, అప్పుడప్పుడు ప్రకటనలకు చెబుతాను. క్రౌడ్ వాయిస్‌లకు, అంటే గుంపు సన్నివేశాల్లో వినిపించే గొంతులకు పిలిచినా వెళ్తాను. మా అమ్మాయికి పదకొండేళ్లు. చిన్నపిల్లల పాత్రలకు తనూ చెబుతోంది.

నేను ఎక్కువగా పనిచేసే స్టూడియో ఈ మధ్య ఒక కొత్త ఒప్పంద పత్రం పంపింది. నా గొంతును 'ఇప్పుడున్న, ఇకముందు రాబోయే ఏ సాంకేతిక పద్ధతిలోనైనా, ప్రపంచమంతటా, శాశ్వతంగా' వాడుకునే హక్కు వాళ్లకు ఇస్తున్నానని అందులో ఉంది. మా అమ్మాయి పేరుతోనూ అలాంటిదే ఇంకొకటి వచ్చింది. అడిగితే 'అందరూ పెడుతున్నారు, ఇది మామూలే' అన్నారు. సంతకం లేకపోతే వచ్చే నెల నుంచి పిలవరట.

మా డబ్బింగ్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో నలభై మంది దాకా ఉన్నాం. ఎవరమూ పెట్టవద్దని కొందరు అంటున్నారు. కొత్తగా వచ్చిన పిల్లలు ఎలాగూ పెట్టేస్తారని, రేట్లు పడిపోయింది కూడా వాళ్లవల్లేనని సీనియర్లకు కోపం. నాకు ఈ విద్య నేర్పిన గురువుగారేమో 'కళను కూలి లెక్కన చూడకమ్మా, సరస్వతిని నమ్ముకున్నవాళ్లు సమ్మెలు చేయరు' అన్నారు. మా వారు 'నువ్వేమైనా ఫ్యాక్టరీలో పనిచేస్తున్నావా, కళాకారులకు యూనియన్ ఏమిటి' అంటున్నారు. నేను సంతకం పెట్టాలా, వద్దా?

– పేరు వేయవద్దన్న పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

అమ్మా, ఆ పత్రం ఇప్పుడున్న రూపంలో సంతకం పెట్టకండి. అయితే ఒంటరిగా వెళ్లి 'పెట్టను' అని కూడా చెప్పకండి. ఈ రెండు మాటల మధ్య చేయవలసిన పని చాలా ఉంది, నా సమాధానమంతా దాని గురించే. మీ గురువుగారి మాటకు, మీ వారి మాటకు కూడా జవాబు చెబుతాను. స్టూడియో బెదిరింపుకన్నా ఆ రెండు మాటలే మిమ్మల్ని ఎక్కువగా వెనక్కి లాగుతున్నాయని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది.

ముందు ఆ వాక్యం సంగతి చూద్దాం. మన కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించినప్పుడు కళాకారులకు ఒక రక్షణ కల్పించారు. ఒప్పందం రాసుకున్న రోజుకు పుట్టని మాధ్యమానికి, పుట్టినా వ్యాపారంలోకి రాని మాధ్యమానికి ఆ ఒప్పందం వర్తించదు. దాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించి రాసుకుంటేనే వర్తిస్తుంది. ఇక కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని అదే చట్టం అర్థం చెబుతుంది. రచయితల కోసం రాసిన ఈ నిబంధనలు తగిన మార్పులతో నటులు, గాయకుల వంటి ప్రదర్శకుల హక్కులకూ వర్తిస్తాయి. ఇప్పుడు మీ పత్రంలోని మూడు మాటలు మళ్లీ చదవండి: 'రాబోయే', 'ప్రపంచమంతటా', 'శాశ్వతంగా'. చట్టం మీకోసం తెరిచి ఉంచిన మూడు తలుపులను మూడు మాటలతో మూసేయాలని చూశారు. రాసినవాళ్లకు చట్టం క్షుణ్ణంగా తెలుసు. వాళ్ల నోట 'ఇది మామూలే' అన్న మాట వస్తే నమ్మనవసరం లేదు.

ఇన్నాళ్లూ మీరు గొంతును అద్దెకు ఇస్తూ వచ్చారు. ఫలానా సీరియల్, ఫలానా పాత్ర, ఇన్ని ఎపిసోడ్లు, ఇంత డబ్బు. పని అయిపోయాక గొంతు మీతోనే ఇంటికి వచ్చేది. ఆ వాక్యం కింద సంతకం పెడితే ఇల్లే రాసిచ్చినట్టు. మీరు ఇప్పటికే చెప్పిన వందల గంటల రికార్డింగు ఒక యంత్రానికి పాఠమవుతుంది. రేపు ఆ యంత్రం మీ గొంతుతో, మీరు ఎప్పుడూ చెప్పని డైలాగు చెబుతుంది. దానికి కాల్‌షీటు అక్కర్లేదు, రోజు బత్తా అక్కర్లేదు, జలుబు చేయదు. మీ ఒక్క ఎపిసోడ్ డబ్బు మిగుల్చుకోవడానికే కంపెనీ ఇంత శ్రమ పడుతోందని అనుకోకండి, అది వాళ్లకు చిన్న ఖర్చు. రోజువారీ శ్రమగా ఉన్నదాన్ని ఒక్కసారి డబ్బిచ్చి ఆస్తిగా మార్చుకోవడమే ఇక్కడి అసలు లాభం. శ్రమకు పని జరిగినప్పుడల్లా డబ్బు ఇవ్వాలి. ఆస్తి అలా కాదు, ఒకసారి చేతికి వస్తే ఎన్నాళ్లైనా రాబడి ఇస్తుంది. కళాకారుల బతుకులకు సంబంధించిన పెద్ద పోరాటాలన్నీ ఈ గీత దగ్గరే జరిగాయి.

ఒక విషయంలో మీ స్టూడియో యజమానికీ న్యాయం చేయాలి. ఆ వాక్యం ఆయన సొంతంగా రాసింది కాకపోవచ్చు. పరభాషా సీరియల్ తెలుగులోకి వచ్చేసరికి ప్రసార కంపెనీ, దాని దగ్గర అనువాద కాంట్రాక్టు తీసుకున్న సంస్థ, ఆ సంస్థ దగ్గర పని తీసుకున్న స్టూడియో, ఆ స్టూడియోకు మనుషులను పిలిచే కోఆర్డినేటర్, ఆ తరువాత మీరు. పైన ఎక్కడో రాసిన వాక్యం మెట్టు మెట్టూ దిగి మీ దాకా వస్తుంది. ప్రతి మెట్టులోనూ డబ్బు కొంత ఆగిపోతుంది, ప్రమాదం మాత్రం పూర్తిగా కిందికి జారుతుంది. అందుకని స్టూడియో ఆయనతో పోట్లాటకు దిగకముందు ఒకటి అడగండి: ఈ షరతు పెట్టింది ఎవరు? పైవాళ్లు పెట్టిందే అయితే, 'మా దగ్గర పనిచేసే ఆర్టిస్టులందరూ దీనికి ఒప్పుకోవడం లేదు' అని పైకి పంపడానికి ఆయనకూ ఒక కాగితం కావాలి. ఆ కాగితం మీరే ఇవ్వాలి.

ఇక 'నాలాంటి చిన్న ఆర్టిస్టు గొంతు ఎవరికి కావాలి' అన్న ఆలోచన. మీరు అలా రాయలేదు, కానీ 'ఆ స్థాయి కాదు' అన్న మాటలో అది ఉంది. నిజం చెప్పాలంటే ప్రమాదం మీలాంటివాళ్లకే ఎక్కువ. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 2020లో కన్నుమూశారు. 2023లో విడుదలైన ఒక తెలుగు సినిమాలో ఆయన గొంతును కృత్రిమ మేధతో పుట్టించి, కుటుంబానికి చెప్పకుండా వాడినందుకు కుమారుడు చరణ్ లీగల్ నోటీసు పంపారు. గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును అనుకరించే సాధనాలపై బొంబాయి హైకోర్టు 2024 జూలైలో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. దీనికి మరో వైపు కూడా ఉంది. 2024లో ఏ.ఆర్. రెహమాన్ కాలం చేసిన ఇద్దరు తమిళ గాయకుల గొంతులను ఒక పాట కోసం మళ్లీ పలికించినప్పుడు, వాళ్ల కుటుంబాల అనుమతి తీసుకుని పారితోషికం ఇచ్చామని ప్రకటించారు. యంత్రం రెండు చోట్లా ఒకటే. ఒకచోట అడిగారు, ఒకచోట అడగలేదు.

అయితే బాలుగారి గొంతును తెలుగునేల మీద గుర్తుపట్టనివారు లేరు. కోర్టు అరిజిత్ సింగ్‌ను కాపాడింది ఆయన ప్రఖ్యాతిని చూసి. మీ గొంతు రోజూ లక్షల ఇళ్లలో వినిపిస్తున్నా అది ఎవరిదో ఆ ఇళ్లలో ఎవరికీ తెలియదు. ప్రఖ్యాతి అన్న కవచం మీకు లేదు. మీకున్న రక్షణ ఒప్పంద పత్రం ఒక్కటే, ఆ పత్రంలో ఏముండాలో ఒంటరిగా నిర్ణయించే బలం మీకు లేదు. పేరున్నవాళ్లకు న్యాయవాది సరిపోతాడు. పేరు లేనివాళ్లకు తోటివాళ్లు కావాలి. నేను సంఘం గురించి ఇంత పట్టుదలగా రాయడానికి ఇదే కారణం.

పేరు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకో సంగతి, దీన్ని మీ గ్రూపులో తప్పక చదివి వినిపించండి. మన చట్టంలో 'ప్రదర్శకుడు' అంటే ఎవరో చెప్పే చోట నటులు, గాయకులు, వాద్యకారులు, నర్తకులతో పాటు గారడీవాళ్లను, పాములవాళ్లను కూడా పేరుపెట్టి చేర్చారు. ఎంత విశాలమైన నిర్వచనమో చూడండి. కానీ కింద ఒక మెలిక ఉంది. సినిమాలో ఎవరి పాత్ర యాదృచ్ఛికమో, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌తో సహా ఎక్కడా ఎవరి పేరు వేయరో, వాళ్లు చాలా హక్కుల విషయంలో ప్రదర్శకులుగా లెక్కలోకి రారు. 'టైటిల్స్‌లో మా పేరు వేయండి' అని డబ్బింగ్ కళాకారులు అడిగితే కీర్తికాంక్ష అని నవ్వేవాళ్లు ఉన్నారు. అది కీర్తి కోసం అడిగేది కాదు. చట్టం ముందు మీరు మనుషులుగా కనిపించడానికి అడిగేది. డబ్బు పెంచకపోయినా పేరు వేస్తామంటే, ఆ పేరును తక్కువగా చూడకండి.

మీ గురువుగారి మాటకు వస్తాను. ఆయన మీద మీకున్న గౌరవం నాకు నచ్చింది, దాన్ని తగ్గించుకోమని చెప్పను. కానీ కళకు కూలి అడగరాదన్న ఈ మాటను మన దగ్గర పోతన పేరు చెప్పి, త్యాగరాజు పేరు చెప్పి తరతరాలుగా వినిపిస్తున్నారు. పోతన భాగవతాన్ని రాజుకు అంకితమివ్వలేదని చెప్పుకుంటాం, నిజమే. ఆయన హాలికుడని కూడా చెప్పుకుంటాం. అంటే ఇంట్లోకి తిండిగింజలు పొలం నుంచి వచ్చేవి. త్యాగరాజు రాజాస్థానం పిలుపును కాదన్నారంటారు. ఆయన ఉంఛవృత్తికి వీధిలోకి వెళ్తే, ఊరివాళ్లు పాత్రలో బియ్యం పోసేవారు. రాజును వద్దనగలగడానికి వెనక ఒకరికి నాగలి ఉంది, ఇంకొకరికి ఊరు ఉంది. మీకు కాల్‌షీటు తప్ప ఏముంది? డబ్బింగ్ థియేటర్ అద్దె, రికార్డిస్టు జీతం, కరెంటు బిల్లు అన్నీ లెక్కగట్టి ఇచ్చేచోట, గొంతు దగ్గరికి వచ్చేసరికి సరస్వతి గుర్తుకురావడం అన్యాయం. పైగా ఇక్కడ ఆ మాట వల్ల లాభపడేది సరస్వతి కాదు, గొంతును ఆస్తిగా రాయించుకున్న కంపెనీ.

మన గీత రచయితలు, సంగీత దర్శకుల సంగతి చూడండి. చాలాకాలం పాటు ఒకసారి డబ్బు పుచ్చుకుని హక్కులన్నీ రాసిచ్చారు. పాట ఏళ్ల తరబడి మోగినా రాసినవారిలో చాలామందికి పైసా రాలేదు. 2012 సవరణ దీన్ని మార్చింది. సినిమా బయట పాట వాడకం మీద వచ్చే రాయల్టీలో రచయిత, స్వరకర్త వాటాను వాళ్లంతట వాళ్లే వదులుకుంటామన్నా చెల్లకుండా చేసింది. ఆ సవరణ కోసం గీత రచయిత జావేద్ అఖ్తర్ రాజ్యసభ సభ్యుడిగా గట్టిగా మాట్లాడారు. కలిసి అడగడం వల్ల వాళ్ల కవిత్వం తరిగిపోలేదు. మీ గురువుగారి దగ్గరికి వెళ్లినప్పుడు వాదించకండి. ఆయన వయసులో ఉన్నప్పుడు చెప్పిన గొంతులు ఇప్పటికీ టీవీలో వస్తున్నాయా, వస్తే ఆయనకు ఏమైనా ముడుతోందా అని మాత్రం అడగండి. ఆయన తన జీవితమంతా ఏం చూశారో ఆయనే చెబుతారు. కుదిరితే మీ సమావేశానికి ఆయననే పిలవండి.

మీ వారు ఫ్యాక్టరీ అన్నారు. ఆయనకు సినీ కార్మికులు ఉండే కృష్ణానగర్ చూపించండి. 2025 ఆగస్టు 4న తెలుగు సినీ కార్మికుల ఫెడరేషన్ షూటింగులు ఆపింది. 30 శాతం వేతన పెంపు అడిగారు. 18 రోజులు లైట్లు వెలగలేదు. రాష్ట్ర ప్రభుత్వం కల్పించుకున్నాక, మూడేళ్లలో దశలవారీగా మొత్తం 22.5 శాతం పెంచడానికి, తక్కువ వేతనం ఉన్నవాళ్లకు తొలి ఏడాదే ఎక్కువ భాగం వచ్చేలా ఒప్పందం కుదిరింది. అడిగినంతా రాలేదు. ఒక్కొక్కరుగా నిర్మాత ఆఫీసు ముందు నిలబడితే ఆ మాత్రమూ వచ్చేది కాదు. అమెరికాలో 2023లో రచయితలు 148 రోజులు, నటులు 118 రోజులు సమ్మె చేశారు. కృత్రిమ మేధతో నటుల ప్రతిరూపం తయారు చేయాలంటే వాళ్ల అంగీకారం, పారితోషికం తప్పనిసరి అన్న షరతులు ఆ సమ్మె తరువాతే ఒప్పందంలోకి వచ్చాయి. వీడియో గేములకు గొంతు ఇచ్చే కళాకారులు ప్రధానంగా ఇదే విషయం మీద 2024 జూలైలో పని ఆపి, 2025 వేసవి దాకా నిలబడ్డారు. పనిచేసే చోటికి పొగగొట్టం ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. మీరు లేకపోతే పని ఆగుతుందా, ఆ పని మీద ఇంకొకరు లాభం తీస్తున్నారా అని ఆయన్ను ఆలోచించమనండి.

ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యమైన సంగతి. మీ గ్రూపులో సీనియర్లు కొత్తపిల్లల మీద పెట్టుకున్న కోపమే మీ ప్రయత్నాన్ని దెబ్బతీస్తుంది. ఇది ఎందుకింత నమ్మకంగా చెబుతున్నానంటే, సరిగ్గా ఇదే ఒకసారి జరిగింది.

టాకీలు వచ్చాక అమెరికాలో సినిమా హాళ్లలో వాయించే వేలమంది వాద్యకారుల పని పోయింది. తరువాత రేడియోలు, హోటళ్లు వాద్యబృందాల బదులు రికార్డులు వేయడం మొదలుపెట్టాయి. తాము వాయించిన రికార్డే తమ పొట్ట కొడుతోందని వాద్యకారుల సంఘానికి అర్థమైంది. ఆ సంఘం అధ్యక్షుడు జేమ్స్ పెట్రిల్లో. 1942 ఆగస్టు 1 నుంచి ఎవరూ రికార్డు కంపెనీలకు వాయించవద్దని ఆయన ప్రకటించారు. కచేరీలు చేసుకోవచ్చు, రేడియోలో నేరుగా వాయించవచ్చు, యుద్ధంలో ఉన్న సైనికుల కోసం రికార్డు చేయవచ్చు. వ్యాపారం కోసం మాత్రం కుదరదు. దేశం యుద్ధంలో ఉన్న సమయం అది. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. 1944లో స్వయంగా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ విరమించమని కోరినా సంఘం తగ్గలేదు.

కంపెనీలు ఏం చేశాయో చూడండి. గాయకులు ఆ సంఘంలో లేరు. గొంతు వాద్యం కాదన్న లెక్కతో వాళ్లను బయటే ఉంచారు. కంపెనీలు ఆ గాయకులను పిలిచి, వాద్యాల స్థానంలో బృందగానం పెట్టి రికార్డులు చేశాయి. ఫ్రాంక్ సినాట్రా అంతటివాడి పాటలు 1943లో అలాగే వచ్చాయి. సమ్మెకు పడిన కన్నం శత్రువు పెట్టింది కాదు. తమవాళ్లు కారని వదిలేసిన తోటి కళాకారుల నుంచే ఏర్పడింది. అయినా వాద్యకారులు నిలబడ్డారు. 1943 సెప్టెంబరులో ఒక పెద్ద కంపెనీ, 1944 నవంబరులో మిగతా రెండు పెద్ద కంపెనీలు దిగివచ్చాయి. అమ్ముడైన ప్రతి రికార్డు మీద కొంత సొమ్ము ఒక నిధికి చేరాలి. ఆ నిధితో పని లేని వాద్యకారులకు వేతనమిచ్చి, ప్రజలకు ఉచిత కచేరీలు ఏర్పాటు చేశారు. యంత్రాన్ని వాళ్లు పగలగొట్టలేదు. యంత్రం తెచ్చే లాభంలో, దానివల్ల పని పోయినవాడికి వాటా పెట్టించారు. అప్పటికి అంత దూరం ఆలోచించినందుకు నాకు వాళ్లంటే గొప్ప గౌరవం.

మీ కొత్తపిల్లలు ఆనాటి గాయకుల స్థానంలో ఉన్నారు. వాళ్లు తక్కువ రేటుకు ఎందుకు చెబుతున్నారు? రేటు ఎంతో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. కోఆర్డినేటర్ చెప్పిన అంకె తప్ప వేరే అంకె వాళ్లు వినలేదు. ఊరి నుంచి వచ్చి నలుగురు ఒక గదిలో ఉంటూ, వాయిస్ టెస్టుల చుట్టూ తిరిగే పిల్ల 'పెట్టను' అనాలంటే ముందు ఆ పిల్లకు వచ్చే నెల అద్దె ఎలాగో తేలాలి. కాబట్టి మొదట చేయవలసింది, గ్రూపులో లేని కొత్తవాళ్లను వెతికి చేర్చడం. పిలవడానికి సీనియర్లే వెళ్లాలి, ఫోను చేస్తే చాలదు. రెండోది, ఎవరెవరికి ఎక్కడ ఎంత ఇస్తున్నారో అందరూ నిజం చెప్పుకోవడం. ఇది అన్నింటికన్నా కష్టం. సీనియర్లు తమ రేటు దాచుకున్నంతకాలం కొత్తవాళ్లు చీకట్లోనే బేరమాడుతారు. మూడోది, అందరూ తలా కొంత వేసి ఒక చిన్న నిధి పెట్టుకోవడం. సంతకం పెట్టనందుకు పని పోయినవాళ్లకు అందులోంచి అద్దె సర్దాలి, మొదటి సాయం కొత్తవాళ్లకే అందాలి. నిధి పుట్టకముందు 'ఎవరూ పెట్టవద్దు' అని తీర్మానం చేయకండి. అది డబ్బున్నవాళ్లు లేనివాళ్లకు పెట్టే పరీక్ష అవుతుంది.

మీకు యూనియన్ కార్డు ఉందో లేదో రాయలేదు. ఉంటే ఈ పత్రం తీసుకుని నేరుగా యూనియన్ ఆఫీసుకు వెళ్లండి. లేకపోతే నలుగురైదుగురు కలిసి వెళ్లి, కార్డు లేనివాళ్ల తరఫున కూడా మాట్లాడతారా అని అడగండి. అయితే సంఘం అనగానే అంతా మంచే జరుగుతుందని నేను అనను. చెన్నైలో గాయని, డబ్బింగ్ కళాకారిణి చిన్మయి 2018లో లైంగిక వేధింపుల గురించి బహిరంగంగా మాట్లాడాక, చందా కట్టలేదన్న కారణం చూపి అక్కడి డబ్బింగ్ యూనియన్ ఆమె సభ్యత్వం తీసేసింది. తాను కట్టానని ఆమె చెప్పారు. రక్షించవలసిన సంఘమే తలుపు మూస్తే కళాకారిణి ఎక్కడికి వెళ్లాలి? అందుకే మీరు ఏ చిన్న బృందంగా ఏర్పడినా లెక్కలు అందరికీ కనబడేలా ఉంచండి. నాయకత్వంలో స్త్రీలు ఉండాలి. ఎవరినైనా తీసేయాలంటే ముందు వాళ్ల మాట వినాలన్న నియమం మొదటిరోజే రాసుకోండి.

ఇంకో జాగ్రత్త. 2011లో పశ్చిమ బెంగాల్‌లో హిందీ మహాభారతం సీరియల్‌ను బెంగాలీలోకి డబ్ చేసి ప్రసారం చేయబోతే, తమ పని పోతుందని అక్కడి కళాకారుల, సాంకేతికుల సంఘాల సమితి దాన్ని ఆపించడానికి ప్రయత్నించింది. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2017లో తీర్పు సమితికి వ్యతిరేకంగా, వ్యాపారంలో పోటీని అడ్డుకోకుండా చూసే కాంపిటీషన్ కమిషన్‌కు అనుకూలంగా వచ్చింది. కాబట్టి 'ఫలానా స్టూడియోను బహిష్కరిస్తాం', 'సంతకం పెట్టినవాళ్లను పనిచేయనివ్వం' అన్న మాటలు మీ గ్రూపులో కూడా రాయకండి. మీ పని షరతుల గురించే మాట్లాడండి. ఆ బెంగాలీ నటుల బాధను కూడా కాస్త మనసులో పెట్టుకోండి. మన డబ్బింగ్ అన్నం ఇంకో భాషలో నటించేవారి పళ్లెం పక్కనుంచే వచ్చింది. తెలుగు సీరియల్ నటులతో, రచయితలతో మీకు పొత్తు కుదిరితే మీ బలం పెరుగుతుంది.

స్టూడియోకు ఇచ్చే కాగితం ఒకే పేజీ ఉండాలి, వీలైనన్ని సంతకాలు ఉండాలి, మొదటి సంతకం ఎవరిదో తెలియకుండా గుండ్రంగా పెట్టండి. పని మానేస్తామని అందులో రాయవద్దు. పని చేస్తాం, షరతు మార్చండి అని రాయండి. రికార్డు చేసిన గొంతును ఆ ఒక్క కార్యక్రమానికే వాడాలి. యంత్రానికి నేర్పడానికి, గొంతు ప్రతిరూపం తయారు చేయడానికి వాడరాదు. అలా వాడాలనుకుంటే ప్రతిసారీ విడిగా, దేనికోసమో స్పష్టంగా చెప్పి రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి, విడిగా డబ్బు ఇవ్వాలి, కాలపరిమితి ఉండాలి. టైటిల్స్‌లో పేరు వేయాలి. ఇంతకన్నా ఎక్కువ ఒకేసారి అడగకండి. ఇచ్చేముందు కాపీరైట్ వ్యవహారాలు తెలిసిన న్యాయవాదికి మీ పత్రాన్ని, ఈ కాగితాన్ని చూపించండి. నలభై మంది పంచుకుంటే ఆ ఫీజు పెద్ద భారం కాదు.

ఇంతా చేసి స్టూడియో ఒప్పుకోకపోతే? ఆ స్టూడియో పని కొన్నాళ్లు పోవచ్చు. పోదని నేను భరోసా ఇవ్వలేను. ఇంట్లో ఎన్ని నెలలు తట్టుకోగలరో మీ వారితో కూర్చుని ముందే లెక్క చూసుకోండి, ఆ లెక్క గ్రూపులోనూ దాచకండి. నిజంగా గడవని పరిస్థితి వస్తే ఆ మూడు మాటలను కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టి పంపండి. చాలామంది పత్రం వెనక్కి వచ్చాక చదవరు. చదివి అభ్యంతరం చెబితే అప్పుడు మాట్లాడవచ్చు. మీలో ఎవరైనా గత్యంతరం లేక మొత్తం పత్రం మీదే సంతకం పెట్టేస్తే వాళ్లను గ్రూపులోంచి తీసేయకండి, నిందించకండి. రేపు వాళ్ల గొంతు యంత్రంలో వినిపించినప్పుడు మొదట మీ దగ్గరికే రావాలి.

చివరగా మీ అమ్మాయి పేరుతో వచ్చిన పత్రం. మీ విషయం ఎలా తేలినా, ఆ రెండో పత్రం మీద మాత్రం తల్లిగా సంతకం పెట్టకండి, దీనికి గ్రూపు నిర్ణయం కోసం ఆగనక్కర్లేదు. పదకొండేళ్ల పిల్ల ఒప్పందం చేసుకోవడానికి చట్టప్రకారం అర్హురాలు కాదు. తను పెద్దయ్యాక వద్దనుకున్నా వెనక్కి తీసుకోలేనిదాన్ని మీరు ఇప్పుడే రాసిచ్చే హక్కు మీకూ లేదని నా అభిప్రాయం. బాలకళాకారుల విషయంలో 2017 నుంచి స్పష్టమైన నియమాలు ఉన్నాయి. నిర్మాత జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. రోజుకు ఐదు గంటలకు మించి, విరామం లేకుండా మూడు గంటలకు మించి పని చేయించకూడదు. పిల్ల సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో పిల్ల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఇప్పటిదాకా ఆ డిపాజిట్ జరిగిందా? ఈ వారమే స్టూడియోకు ఈమెయిల్ రాసి, రసీదులు పంపమని అడగండి.